పాఠం: ఆడటం, ఆడించటం

పిల్లలూ, ముందు ఒక సినిమా సంగతి చెప్తాను. పేరు 'కిట్టు'. 2006 నాటి తెలుగు యానిమేషన్ సినిమా, దర్శకుడు బి. సత్య. ఆ ఏడాదికి జాతీయ ఉత్తమ యానిమేషన్ చిత్రం అవార్డు దానికే వచ్చింది. కిట్టు ఒక కోతిపిల్ల. వాడికి సినిమా హీరో అయిపోవాలని ఆశ.

ఇప్పుడు మన ఊళ్ళల్లో తాడు కట్టి తిప్పే కోతిని గుర్తు తెచ్చుకోండి. చూడకపోతే తాతయ్యని అడగండి.

కోతి ఆడుతోంది.
అతను కోతిని ఆడిస్తున్నాడు.

రెండు వాక్యాల్లోనూ గంతులు వేసేది కోతే. కానీ రెండో దాంట్లో ఇష్టం తాడు పట్టుకున్నవాడిది. ఇలా వేరేవాళ్ళ చేత పని జరిపించే క్రియని ప్రేరణార్థక క్రియ అంటారు. పేరు గట్టిగా ఉంది గానీ మీరు రోజూ వాడేదే: నవ్వు – నవ్వించు, నడు – నడిపించు, చేయి – చేయించు, తిను – తినిపించు. ఈ చివరిది జాగ్రత్త! "నాన్న నన్ను తిన్నాడు" అని ఒక బుజ్జి చెప్తే క్లాసంతా పడీ పడీ నవ్వింది. "నాకు తినిపించాడు" అనాలి.

అన్నిటికీ 'ఇంచు' రాదు. కబ్ద్ జాకూర్లలో చూస్తారుగా, గొర్రెలు మేస్తాయి, కాపరి మేపుతాడు. ఎండలో వాటి వెంట తిరిగే ఆ కాపరుల్లో మన తెలుగువాళ్ళూ ఉంటారు. కనబడితే "బాగున్నారా అన్నా" అని పలకరించండి.

ఇంకో చిక్కు. 'నటించు'లో 'ఇంచు' ఉంది, అయినా అది మామూలు క్రియే. గుణశేఖర్ తీసిన 'బాల రామాయణం'లో పాత్రలన్నీ పిల్లలే వేశారు. రాముడుగా జూనియర్ ఎన్టీఆర్ నటించాడు. గుణశేఖర్ పిల్లల చేత నటింపజేశాడు.

మరి పిల్లలు నటించారా, ఎవరైనా నటింపజేశారా అని ఎవరు చూస్తారు? చట్టం చూస్తుంది. మన దేశంలో 2017 నుంచి ఉన్న నిబంధనల ప్రకారం 14 ఏళ్ళలోపు పిల్లల్ని వాళ్ళ ఇష్టం లేకుండా నటింపజేయకూడదు. రోజుకి 5 గంటలు మించకూడదు, 3 గంటలకోసారి విశ్రాంతి ఇవ్వాలి. వరసగా 27 రోజులు దాటి పని చేయించకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం ఆ బిడ్డ పేరు మీద బ్యాంకులో వెయ్యాలి. నాకు వీటిలో మొదటిదే ముఖ్యం అనిపిస్తుంది. మిగతావి గడియారం చూసి, లెక్క చూసి చెప్పేయొచ్చు. ఇష్టం ఉందో లేదో బిడ్డ నోరు తెరిచి చెప్పాలి, పెద్దలు వినాలి.

అభ్యాసం

1. మార్చి రాయండి: పాప పాడింది. (అమ్మ పాప చేత ______ .)
2. కిట్టు బొమ్మ. సెకనుకి 24 ఫ్రేములు కదిలితేనే తెర మీద నడుస్తాడు. అయితే కిట్టు నడిచాడా, నడిపించారా? మీకు ఏది సరైనదనిపిస్తే అది రాసి, ఎందుకో చెప్పండి.
3. ఈ వారం మీరు ఇష్టంగా చేసింది ఒకటి, మీ చేత ఇంట్లో చేయించింది ఒకటి రాయండి. శుక్రవారం అమ్మమ్మకో నానమ్మకో ఫోన్లో చదివి వినిపించండి. ('వినిపించు' కూడా ఆ జాతిదే!) తర్వాత, చిన్నప్పుడు వాళ్ళ చేత ఎవరు ఏం చేయించారో అడగండి.