పికప్ బండిలో పాట: మామూలు సెట్టూ, ఖరీదు సెట్టూ

సరుకు మోసే బండిలో సంగీతానికి శాస్త్రమేమిటని కొందరు మిత్రులు నవ్వవచ్చు. కాని దివిసీమ నుంచి చేపల లోడుతో చల్లపల్లి, కూచిపూడి, పామర్రుల మీదుగా తెల్లవారుజామున బెజవాడ పోయే డ్రైవరుకు ఆ పాటే తోడు. పైగా కొత్త బండి బేరంలో "పై రకంలో ప్రీమియం ఆడియో ఉందండీ" అని చెప్పి, మన నాన్నగార్ల అప్పు మరికొంత పెంచుతుంటారు. ఆ అదనపు సొమ్ముకు వచ్చేదేమిటో భౌతికశాస్త్రం వెలుగులో పరిశీలిద్దాం.

మన రాష్ట్రంలోనే, శ్రీసిటీలో, 2016 నుంచి ఇసుజు వి-క్రాస్ పికప్పులు తయారవుతున్నాయి. అయితే రెండు సెట్ల తేడా కొట్టొచ్చినట్టు కనబడేది అమెరికాలో. అక్కడి 2019 మోడల్ రామ్ 1500 బండి మామూలు సెట్టులో 6 స్పీకర్లు. ఖరీదు సెట్టులో 19 స్పీకర్లు, 900 వాట్ల హార్మన్ కార్డన్ పరికరం. అంకెలు చూస్తే కళ్లు తిరుగుతాయి. ముందు ఆ వాట్ల సంగతి తేల్చాలి.

మామూలు సెట్టులో ఆంప్లిఫయరు రేడియో పెట్టెలోనే ఉండే చిన్న చిప్పు. ఇంజను నడుస్తుంటే దానికందే విద్యుత్తు సుమారు 14.4 వోల్టులు. స్పీకరుకు శిఖర వోల్టేజి అంతకు మించి రాదు. దానిని 1.414తో భాగిస్తే 10.2 వోల్టులు; వర్గం చేసి, స్పీకరు నిరోధం 4 ఓములతో భాగిస్తే 26 వాట్లు. నష్టాలు పోను 20 మిగిలితే గొప్ప. మరి పెట్టె మీద "50 వాట్లు" ఎలా అచ్చయింది? తరంగాన్ని చతురస్రంగా నరికేస్తే 14.4 వర్గం బై 4, అంటే దాదాపు 52! లెక్క సరిపోయింది, కాని ఆ స్థితిలో వినబడేది పాట కాదు, గరగర.

ఖరీదు సెట్టులో ఆంప్లిఫయరు విడిగా ఉంటుంది. లోపల వోల్టేజి పెంచుకోవడమో, తక్కువ ఓముల స్పీకర్లు వాడటమో చేస్తుంది. అయినా శక్తి రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెండింతలు అనిపించాలంటే సుమారు పది రెట్ల శక్తి కావాలి. కనుక వాట్లను చూసి మురిసిపోనక్కరలేదు. అసలు లాభం ఏమిటంటే, మృదంగం దెబ్బ ఒక్కసారిగా పడ్డప్పుడు ధ్వని చెడకపోవడం.

రెండో లాభం కాలం సర్దుబాటు. మన డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. ఎడమ స్పీకరు 70 సెంటీమీటర్లు ఎక్కువ దూరంలో ఉందనుకుందాం. ధ్వని సెకనుకు 343 మీటర్లు పోతుంది గనుక కుడి ధ్వని 2 మిల్లీసెకన్లు ముందే చేరుతుంది; పాటంతా కుడి తలుపులో పాడుతున్నట్టుంటుంది. ఖరీదు సెట్టు కుడి ధ్వనిని ఆ మేరకు ఆపుతుంది. అది డ్రైవరుకే సరి, పక్కన కూర్చున్న బావగారికి కాదు!

ఇక్కడే ఒక తమాషా. ఘంటసాల కాలపు సినిమా పాటలు ప్రధానంగా మోనో రికార్డింగులు. కుడి ఎడమల తేడాయే లేని పాటకు 19 స్పీకర్లు పెట్టినా కొత్త వెడల్పు రాదు. దానికి కావలసింది గొంతు పలికే మధ్యస్థాయి స్పష్టత. అది మంచి తలుపు స్పీకర్లు రెండింటితోనే వస్తుంది.

పోలిక చూసేవారు బండి ఆపి వినరాదు. డీజిల్ మోత, టైర్ల హోరు కింది స్వరాలను మింగేస్తాయి. కనుక బండి నడుస్తుండగా, తెలిసిన పాటనే, రెండింటిలో ఒకే మోతాదులో వినాలి. కాస్త గట్టిగా మోగిందే మంచిదనిపించడం చెవి స్వభావం. షోరూముల్లో ఆ కిటుకు తెలుసు. ఇంకో జాగ్రత్త. 85 డెసిబెల్స్ వద్ద 8 గంటలు హద్దనీ, ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ కాలం సగమవుతుందనీ అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సిఫారసు. గరగర లేని సెట్టులో హద్దు దాటిన సంగతి తెలియదు, వెనక హారనూ వినబడదు.

నా మటుకు నాకు, లోడు బండికి మామూలు సెట్టు చాలు. విజయవాడ ఆటోనగర్‌లో తలుపు రేకుకు అదురు తగ్గించే పట్టీ వేయించి, స్పీకర్లు మార్పించుకోవచ్చు. కంపెనీ వైర్లు మాత్రం కోయనివ్వకండి, కనెక్టర్లు అడగండి.