గన్ పట్టకముందే తేలిపోయే పని

పదో తరగతి తర్వాత చేతిపని నేర్చుకుందామనుకునే కుర్రాళ్ళను కారు పెయింటింగ్ వైపు లాగేది స్ప్రే గన్. గన్ చేతికొస్తే పెయింటర్ అయిపోయినట్టేనన్న నమ్మకం విజయవాడ ఆటోనగర్ నుంచి మండల కేంద్రంలోని చిన్న షెడ్డు దాకా అంతటా ఉంది. ఈ పనిలోకి రావాలనుకునేవారికి, ఇప్పటికే హెల్పర్‌గా చేరినవారికి నేను చెప్పదలచింది దీనికి ఎదురు మాట. పెయింట్ ఏళ్ళ తరబడి నిలుస్తుందా, ఆర్నెల్లకే పెచ్చులూడుతుందా అన్నది చాలావరకు గన్ పట్టకముందే తేలిపోతుంది. కాబట్టి నేర్చుకునే చోటు వెతుక్కునేటప్పుడు గన్ ఎన్నాళ్ళకు ఇస్తారని అడగకండి. గన్ కంటే ముందు జరిగే పని అక్కడ ఎలా చేస్తారో ఒక పూట నిలబడి చూడండి.

ఫ్యాక్టరీలో కారు బాడీ ఒట్టి రేకుగా ఉన్నప్పుడే తొట్టెలో ముంచి, కరెంటు సాయంతో ప్రైమర్ పట్టించి, 150 డిగ్రీలు దాటిన వేడిలో కాలుస్తారు. పైన వేసే రంగు, క్లియర్ కోట్ కలుపుకున్నా మొత్తం మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లే. షెడ్డుకొచ్చిన కారులో వైరింగు, సీట్లు, ప్లాస్టిక్ భాగాలు ఉంటాయి గనక అంత వేడి పెట్టలేం. బూత్ ఉన్న వర్క్‌షాపులో కూడా 60 డిగ్రీల దగ్గరే ఆరబెడతారు. హార్డెనర్ కలిపిన పెయింట్ ఆ తక్కువ వేడిలోనే రసాయన చర్యతో గట్టిపడుతుంది. ఫ్యాక్టరీకి ఆ తొట్టె, ఆ వేడి ఇచ్చే పట్టును చిన్న షెడ్డు ఎమరీ పేపర్‌తో, శుభ్రతతో సంపాదించుకోవాలి. కస్టమర్ తిరిగి తెచ్చిన కార్లను చూస్తే సంగతి అర్థమవుతుంది. పెయింట్ మీద ఫిష్ ఐ అనే గుండ్రటి గుంటలు పడ్డాయంటే రేకు మీద పాలిష్ తాలూకు సిలికాన్ గానీ, కంప్రెసర్ నుంచి వచ్చిన నూనె గానీ మిగిలి ఉంది. కొన్నాళ్ళకు బుడగలు లేచాయంటే గాలి పైపులోంచి నీరు చేరి ఉండాలి, లేదా నీళ్ళతో రుద్దిన లప్పం పూర్తిగా ఆరకముందే ప్రైమర్ కొట్టి ఉండాలి. పాలియెస్టర్ లప్పం తేమను పీల్చుకుంటుంది. కోస్తా జిల్లాల వానాకాలంలో ఈ బెడద రెట్టింపు. సొట్టను టింకరింగ్‌లో సరిగా లేపకుండా లప్పంతోనే పూడిస్తే, రెండు మూడు మిల్లీమీటర్లు దాటిన చోట అది కుంగుతుంది, నెర్రెలిస్తుంది. బంపర్ మీద పెయింట్ పొరలా ఊడివచ్చిందంటే పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌కు ముందుగా వేయాల్సిన అడ్హెషన్ ప్రమోటర్ వేయలేదన్నమాట. వీటిలో గన్ తిప్పిన చేతి తప్పు ఒక్కటీ లేదు.

షేడ్ విషయంలో గన్ పనితనం లెక్కకొస్తుందన్న అభ్యంతరం సబబైనదే. మెటాలిక్ పెయింట్‌లో సన్నటి అల్యూమినియం రేణువులు ఉంటాయి. ఒకే డబ్బాలోని రంగును దూరం నుంచి పొడిగా కొడితే లేతగా, దగ్గర నుంచి తడిగా కొడితే ముదురుగా కనిపిస్తుంది. అందుకే సిల్వర్ కారు తలుపు ఒక్కటే వేరే బండిది తెచ్చి బిగించినట్టు అనిపిస్తుంది. కానీ దీనికి మందు కూడా గన్‌కు ముందే ఉంది. కారు మీద స్టిక్కర్‌లో ఉన్న కలర్ కోడ్ ఒక్కటే అయినా దానికి వేరియంట్లు ఉంటాయి, పైగా ఎండకు నిలిచిన కారు రంగు మారుతుంది. ముందుగా ఒక చిన్న కార్డు మీద బేస్ కోట్, క్లియర్ కోట్ రెండూ కొట్టి, ఆరాక పగటి వెలుగులో కారు పక్కన పెట్టి చూడాలి. ట్యూబ్‌లైటు కింద కలిసిన షేడ్ ఎండలో విడిపోవచ్చు. ఆ తర్వాత కూడా తలుపు అంచున రంగు ఆపేయకుండా పక్క ప్యానెల్‌లోకి పలచగా కలపాలి. ఈ కార్డు కొట్టడానికి పట్టే సమయాన్ని మిగుల్చుకోబోయి మొత్తం తలుపు రెండోసారి కొట్టాల్సి వచ్చినవాడికి ఆ బండి మీద మిగిలేదేమీ ఉండదు.

ఇంత జాగ్రత్తకు కస్టమర్ డబ్బు ఇవ్వడు, పెద్ద వర్క్‌షాపుల ముందు నిలవలేం అనేవారున్నారు. ఫుల్ బాడీ పెయింటింగ్ వరకు ఆ మాట నిజం. బూత్ లేని షెడ్డు ఆ పోటీకి దిగకపోవడమే మంచిది. కానీ గీతలు, చిన్న సొట్టల లెక్క వేరు. ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ చేయని ఏడాదికి సొంత వాహన నష్టం ప్రీమియంలో 20 శాతం రాయితీతో మొదలై, వరుసగా ఐదేళ్ళకు 50 శాతం దాకా నో క్లెయిమ్ బోనస్ వస్తుంది. చిన్న గీత కోసం దాన్ని పోగొట్టుకోవడం చాలామందికి ఇష్టముండదు. జీరో డిప్రిసియేషన్ అనే అదనపు కవర్ లేని పాలసీలో మార్చిన ప్లాస్టిక్ భాగాలకు సగం ఖర్చు యజమానే భరించాలి. అందుకే పగిలిన బంపర్‌ను మార్చకుండా బాగుచేయించుకోవడానికి ఆయన ముందుకొస్తాడు. ఒకటి రెండు ప్యానెళ్ళ పనిని నమ్మకంగా చేసే షెడ్డుకు ఈ గిరాకీ తగ్గదు.

ఆరోగ్యం సంగతి మాత్రం వాదనకు వదిలేసేది కాదు. ఇప్పుడు వాడే టూ-కె పెయింట్లలో, అంటే హార్డెనర్ కలిపి కొట్టే పెయింట్లలో, ఆ హార్డెనర్లలో ఐసోసైనేట్లు ఉంటాయి. పెయింటర్లకు పనిచోట వచ్చే ఆస్తమాకు ఇవి పేరుపడ్డ కారణం. ఒకసారి ఒంటికి పడకుండా పోతే, ఆ తర్వాత కొద్దిపాటి ఆవిరి తగిలినా ఊపిరాడదు. అక్కడితో ఆ వృత్తే ముగిసిపోవచ్చు. వాసన రాలేదు కదా అని ధైర్యపడటానికి వీల్లేదు, ఎందుకంటే వాసన తెలియని మోతాదులోనే హాని జరుగుతుంది. ముక్కుకు కట్టిన జేబురుమాలు, గుడ్డ మాస్కు దీన్ని ఆపవు. బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కు ఉత్తమం. అది లేనిచోట కనీసం ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్, పెయింట్ తుంపర రేణువులను ఆపే ఫిల్టర్ రెండూ ఉన్నది, ముఖానికి బిగుతుగా పట్టేది, గడువు చూసి మార్చేది కావాలి. చేతికి గ్లౌజులు, కంటికి అద్దాలు కూడా ఉండాలి. మాస్కు లేకుండా హెల్పర్‌ను క్లియర్ కోట్ దగ్గర నిలబెట్టే షెడ్డులో, మేస్త్రి ఎంత పేరున్నవాడైనా, చేరకండి.

ఐటీఐలో మెకానిక్ ఆటో బాడీ పెయింటింగ్, మెకానిక్ ఆటో బాడీ రిపేర్ అని ఏడాది ట్రేడులు ఉన్నాయి. మీ జిల్లాలో ఏ ఐటీఐ నడుపుతోందో ప్రవేశాల సమయంలో అడిగి తెలుసుకోండి. కార్ పెయింటింగ్ ప్రపంచ స్థాయి వరల్డ్‌స్కిల్స్ పోటీల్లో కూడా ఒక విభాగం. మేస్త్రి దగ్గర నేర్చుకుంటే చాలదా అంటే, చేతివాటం అక్కడే వస్తుంది, దానికి బదులు లేదు. రసాయనం ఎందుకలా ప్రవర్తిస్తుందో, హార్డెనర్ ఏ పాళ్ళలో ఎందుకు కలపాలో తరగతిలో తేలిగ్గా అర్థమవుతుంది. రెండూ ఉన్నవాడికి కంపెనీ వర్క్‌షాపులోనూ గల్ఫ్ గ్యారేజీలోనూ మాట్లాడుకునే బలం ఉంటుంది.

సొంతంగా మొదలుపెట్టేవారు ముద్రా రుణంలో 50 వేల దాకా ఇచ్చే శిశు, 5 లక్షల దాకా ఇచ్చే కిశోర్ విభాగాలను బ్యాంకులో అడగవచ్చు. ఆ డబ్బులో ముందు వాటా కంప్రెసర్‌కు, గాలిలోని నీటినీ నూనెనూ ఆపే ఫిల్టర్‌కు, మాస్కుకు. ఖరీదైన గన్ తర్వాత చూసుకోవచ్చు. మొదటి ఏడాది బంపర్లు, ఒంటి తలుపులు, ఫెండర్లు ఒప్పుకోండి. మూడు పొరల పెర్ల్ వైట్ జోలికి వెంటనే పోకండి. బంపర్ వెనుక రాడార్ ఉన్న కార్లలో లప్పం, అదనపు పెయింట్ మందం సిగ్నల్‌ను దెబ్బతీయగలవు గనక కంపెనీ సూచనలు చూడకుండా ఆ బంపర్ ముట్టుకోకండి. చేసిన ప్రతి బండి టెస్ట్ కార్డు వెనుక కలర్ కోడ్, వేరియంట్, గాలి ఒత్తిడి, ఎన్ని కోట్లు కొట్టారో, తేదీ రాసి దాచుకోండి. అదే కోడ్ మళ్ళీ వచ్చిన రోజున షేడ్ వెతుకులాట మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పని ఉండదు.