ఎండను నమ్ముకున్నాక

సోలార్ పెట్టించుకోవాలనుకునే కుర్రవాళ్లు ఈమధ్య మా మేడ చూడటానికి వస్తున్నారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "ఏ కంపెనీ ప్యానెల్ మంచిదండీ?" ప్యానెల్ గురించి నాకంత బెంగ లేదు. పేరున్న ఏ ప్యానెలైనా సరిగా బిగిస్తే పాతికేళ్లు కరెంటు ఇస్తుంది. దాన్ని చెరిచేవన్నీ దాని చుట్టూ ఉంటాయి. మీద పడే నీడ, కింద నిలబెట్టిన ఇనుము, గోడ వెంట దిగే తీగ, మట్టిలోకి పోయే ఎర్తు. కొనేటప్పుడు వీటి గురించి ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

1. ముందు కరెంటు బిల్లు చదవండి, ఆ తరవాతే కిలోవాట్ల లెక్క.

ఏడాది పొడుగునా వచ్చిన బిల్లులు ముందు పెట్టుకుని ఏ నెల ఎన్ని యూనిట్లు కాలాయో రాసుకోండి. మన ప్రాంతంలో ఒక కిలోవాటు ప్యానెల్ ఏడాది సగటున రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తుంది, నెలకు సుమారు 120. దానికి మేడ మీద వంద చదరపు అడుగుల చోటు కావాలి. నేను ఈ లెక్క వేయకుండా ముందు ప్యానెళ్లు పెట్టించి, ఆ తరవాత ఎప్పటికో పాత ఫ్యాన్లు మార్చాను. చేయాల్సింది దానికి తలకిందులుగా. పాత ఫ్యాను 75 వాట్లు తాగితే కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. అయిదు ఫ్యాన్లు రోజుకు పన్నెండు గంటలు తిరిగే ఇంట్లో ఆ తేడా 2.7 యూనిట్లు. అంటే దాదాపు ఏడు వందల వాట్ల ప్యానెళ్ల సంపాదన. ఫ్యాన్లు మార్చుకుంటే తీరిపోయేదానికి నేను ప్యానెళ్లు కొన్నాను.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాటుకు 30,000, రెండింటికి 60,000, మూడు, ఆపైన ఎంత పెట్టినా 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. దేశంలో చేసిన సెల్‌తో దేశంలోనే తయారైన ప్యానెళ్లకే అది వర్తిస్తుంది. మంచి సాయమే, కాదనను. కానీ సబ్సిడీ పూర్తిగా వస్తుందని నెలకు 150 యూనిట్లు దాటని ఇంటికి మూడు కిలోవాట్లు పెట్టించడం తెలివైన పని కాదు. మీ అవసరమే మీకు కొలత కావాలి.

2. కరెంటు పోయిన రోజు ఏం కావాలో ముందే తేల్చుకోండి.

మాది విశాఖలో సముద్రపు గాలి నేరుగా తగిలే కాలనీ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా ఊరి దగ్గరే తీరం దాటింది. ఆ తరవాత రోజుల తరబడి కరెంటు లేదు. మోటారు ఆడక ట్యాంకులో నీళ్లు లేవు. సోలార్ ఆలోచన నాకు ఆ చీకట్లోనే పుట్టింది. మొదట బ్యాటరీలతో పెట్టుకున్నాను. కొన్నేళ్లకు వాటితో వేగలేక నెట్ మీటరుకు మారాను. మారిన కొత్తలో ఒక మిట్టమధ్యాహ్నం లైను పోయింది. నెత్తిన ఎండ మండుతోంది, ప్యానెళ్లన్నీ బాగున్నాయి, ఇంట్లో ఫ్యాను మాత్రం ఆగిపోయింది. పాడైందనుకుని ఫోన్ చేస్తే, నెట్ మీటరు సిస్టం తీరే అంతని అప్పుడు చెప్పారు.

అందులో తప్పేమీ లేదు. లైను పోగానే, ఇలా నెట్ మీటరుతో లైనుకు కలిపిన ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోవాలి. లైన్‌మన్ స్తంభమెక్కి తీగ పట్టుకున్న వేళ మన మేడ మీది కరెంటు ఎదురెళ్లి అతణ్ని తాకకూడదు. ఆ నియమం ఒక ప్రాణం కోసం. దాన్ని దాటే అడ్డదారులు చెప్పేవాళ్లుంటారు, వాళ్ల మాట వినకండి.

బిల్లు తగ్గడమే కావాలంటే ఆన్‌గ్రిడ్ చాలు. కోతలు గంటో అరగంటో అయితే ఇంట్లో ఉన్న మామూలు ఇన్వర్టర్ బ్యాటరీ దానికి తోడుగా సరిపోతుంది. ఇంట్లో ఆక్సిజన్ మిషన్ మీద ఆధారపడ్డ పెద్దవాళ్లుంటేనో, ఊళ్లో కోతలు గంటల తరబడి ఉంటేనో హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ పెట్టుకోండి. లెడ్ యాసిడ్ బ్యాటరీని రోజూ సగానికి మించి వాడేస్తే త్వరగా చచ్చిపోతుంది. పైగా డిస్టిల్డ్ వాటర్ పోస్తుండాలి. నేను ఒక వేసవి ఊళ్లు తిరుగుతూ ఆ సంగతే మరిచాను. వచ్చి మూతలు తీసి చూస్తే ప్లేట్లు నీళ్ల పైకి తేలి తెల్లగా పొక్కులు కట్టి ఉన్నాయి. ఎన్ని నీళ్లు పోసినా మళ్లీ కోలుకోలేదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ధర ఎక్కువే కానీ ఈ చాకిరీ లేదు, ఎనభై శాతం దాకా వాడుకున్నా తట్టుకుంటుంది. ఇవాళ కొనేవాళ్లకు నేను దాన్నే చెబుతాను.

3. నీడను ధనుర్మాసంలో కొలవండి.

అమ్మేవాళ్లు ఏ ఏప్రిల్‌లోనో మధ్యాహ్నం వచ్చి మేడంతా ఎండే అంటారు. ఆ వేళకు నిజమే. డిసెంబరు మూడో వారానికి సూర్యుడు బాగా దక్షిణానికి జరిగి కిందుగా నడుస్తాడు. విశాఖలో ఆ రోజుల్లో ఉదయం తొమ్మిదికి వస్తువు ఎత్తుకు దాదాపు ఒకటిముప్పావు రెట్లు నీడ పడుతుంది. ఆరడుగుల ట్యాంకు నీడ పదడుగులు పాకుతుందన్నమాట. ఇంట్లో సిస్టంలో ప్యానెళ్లన్నీ సాధారణంగా ఒకే వరసలో, ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. ఒక ప్యానెల్ మూల మీద పిట్టగోడ నీడ పడ్డా ఆ ప్యానెల్‌లో మూడో వంతు పనిచేయకుండా పోవచ్చు. ధనుర్మాసంలో ఒక రోజు ఉదయం తొమ్మిదికీ, మధ్యాహ్నానికీ, సాయంత్రం మూడున్నరకీ మేడెక్కి నీడ అంచుల వెంట సుద్దముక్కతో గీతలు గీయండి. ఆ గీతలకు బయట మిగిలిందే మీ చోటు.

దక్షిణాన ఖాళీ స్థలం ఉందా అన్నదీ చూసుకోండి. రేపు అక్కడ మూడంతస్తులు లేస్తే ఎండ మనదని అడగలేం. నీడ పడుతుందని మా వేపచెట్టు కొట్టించమని ఒకాయన సలహా ఇచ్చాడు. నాకు మనసొప్పలేదు. రెండు ప్యానెళ్లు తగ్గించుకున్నాను. అందుకు ఏనాడూ చింతించలేదు.

4. గాలికి నిలిచేది ఇనుమే.

మొదటిసారి నేను ఎక్కువ డబ్బు ప్యానెళ్లకు పెట్టి, కింది ఫ్రేము దగ్గర పొదుపు చేశాను. వెల్డింగు కొట్లో చేయించిన యాంగిల్ ఫ్రేము, పైన రంగు. ఉప్పుగాలికి ముందు వెల్డింగు అతుకుల దగ్గర పొక్కులు లేచాయి. తరవాత వానాకాలంలో గోడ వెంట ఎర్రటి చారలు దిగాయి. చివరికి ప్యానెళ్లన్నీ దించి ఫ్రేము మార్చాల్సి వచ్చింది. భారత ప్రమాణాల ప్రకారం విశాఖ, విజయవాడల్లో కట్టడాలకు లెక్కలోకి తీసుకోవలసిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాదుకు 44 మీటర్లు. ఫ్రేము ఆ గాలికి లెక్కకట్టి చేసిందేనా అని అడగండి. రంగు కాదు, కరిగిన జింకులో ముంచి తీసిన జీఐ కావాలి. తీరంలో బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువే వాడండి. స్లాబుకు అడ్డదిడ్డంగా రంధ్రాలు కొట్టనివ్వకండి. కాంక్రీటు దిమ్మెలు పోయించి వాటిలో కాళ్లు బిగిస్తే కింది గదిలోకి చెమ్మ దిగదు.

5. నిప్పు పుట్టేది అతుకుల్లోనే.

ప్యానెల్ వెనక నల్లటి చిన్న ప్లాస్టిక్ కనెక్టర్లుంటాయి. టక్కున బిగుసుకుంటాయి కాబట్టి ఎవరూ వాటిని రెండోసారి చూడరు. ఒక సాయంత్రం ప్యానెళ్ల కింద ఆకులు ఏరుతుంటే కాలిన ప్లాస్టిక్ వాసన తగిలింది. వంగి చూస్తే ఒక కనెక్టరు మధ్యలో ఉబ్బి, అంచు గోధుమరంగుకు తిరిగి, పక్కనున్న తీగ తొడుగు మెత్తబడి ఉంది. ఒక సగం ఒక కంపెనీది, రెండో సగం వేరే కంపెనీది. చూపుకు ఒకేలా ఉంటాయి, లోపల లోహం సరిగ్గా ఆనుకోదు. ఆ సందులో వేడి పుడుతుంది. మరో వారం చూడకపోతే ఏమై ఉండేదో తలుచుకోవడానికి ఇష్టపడను. రెండు సగాలూ ఒకే కంపెనీవి, సరైన పనిముట్టుతో నొక్కినవి ఉండాలి. బిగించే రోజు దగ్గర నిలబడి చూడండి.

మూడు కిలోవాట్ల ఇంటి సిస్టంలో కూడా మేడ మీది తీగల్లో రెండు మూడు వందల వోల్టుల డీసీ ఉంటుంది. కింద స్విచ్ ఆపినా, ఎండ ఉన్నంతసేపూ ఆ పై తీగల్లో కరెంటు ఉంటుంది. సంక్రాంతికి గాలిపటం చిక్కుకుందని పిల్లలు ప్యానెళ్ల మధ్యకు దూరకుండా చూసుకోండి. ఎర్తింగుకు డీసీ వైపు ఒకటి, ఏసీ వైపు ఒకటి, పిడుగు కడ్డీకి ఒకటి, మూడూ వేర్వేరు గుంతలు ఉండాలి. కొలిస్తే అయిదు ఓములకు మించకూడదు. ఆ అంకె కాగితం మీద రాయించుకోండి. ఎండాకాలంలో ఆ గుంతల్లో నీళ్లు పోస్తుండండి.

6. ఎండ మండినంత మాత్రాన కరెంటు పెరగదు.

ప్యానెల్ మీద రాసిన వాట్లు 25 డిగ్రీల సెల్ వేడి దగ్గర కొలిచినవి. మే నెలలో అది 60 దాటుతుంది. ఒక్కో డిగ్రీకి 0.35 శాతం చొప్పున తగ్గుతూ పన్నెండు శాతానికి పైగా పోతుంది. కాబట్టి మేలో తక్కువ వచ్చిందని కంగారు పడకండి, ప్యానెళ్ల కింద గాలి ఆడేలా మాత్రం ఎత్తు ఉంచుకోండి. కాలిన అద్దం మీద మధ్యాహ్నం చన్నీళ్లు పోస్తే పగలవచ్చు. తెల్లవారుజామున కడగండి. బోరు నీళ్లయితే తడి ఆరకముందే తుడిచేయండి, లేకుంటే తెల్లటి పొర కట్టి మళ్లీ వదలదు.

7. మాట మీద కాదు, కాగితం మీద కొనండి.

సూర్యఘర్ కింద బిగించిన వాళ్లు అయిదేళ్లపాటు నిర్వహణ చూడాలి. అది ఒప్పందంలో ఉందో లేదో చదివాకే సంతకం పెట్టండి. ప్యానెళ్ల సీరియల్ నంబర్లు, ఇన్వర్టర్ గ్యారంటీ కార్డు, తీగల పటం, ఎర్తింగు అంకె, నెట్ మీటరు కాగితాలు అన్నీ ఒకే ఫైల్లో ఉంచండి. ప్రతి నెలా ఒకే తారీఖున మీటరు రీడింగు అందులోనే రాయండి. నిరుడు ఇదే నెలతో పోల్చుకుంటే ఎక్కడో ఏదో చెడిందని బిల్లు కంటే ముందే తెలుస్తుంది. ఇంట్లో ఇంకొకరికి కూడా ఏ స్విచ్ ముందు ఆపాలో, ఏది తరవాతో నేర్పండి. మా ఇంట్లో చాలాకాలం అది నాకొక్కడికే తెలుసు. నేను ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో ఇన్వర్టర్ ఎర్ర దీపం చూపిస్తే మా ఆవిడ ఏం ముట్టుకోవాలో తెలియక రాత్రంతా భయంతో కూర్చుంది. మీ ఇంట్లోవాళ్లకు ఆ భయం రానివ్వకండి. బిగించిన రోజే అందరినీ మేడ మీదికి పిలిచి చూపించండి.