వేసవి తాపము – కోళ్లకు సి విటమిను

వేసవి ముదిరిన దినములలో కోళ్ల షెడ్డులోనికి అడుగిడిన వారికి మొదట కనిపించునవి తెరచిన ముక్కులు, శరీరమునకు ఎడముగా సాచిన రెక్కలు. కోడికి స్వేదగ్రంథులు లేవు. దాని శరీరోష్ణము సహజముగనే 41, 42 సెంటీగ్రేడు డిగ్రీల మధ్య నుండును. బయటి గాలి 30 డిగ్రీలు దాటిన పిదప, రొప్పుచు లోపలి తడిని ఆవిరి చేయుటయే అది చల్లబడుటకు ప్రధానమార్గము. గాలిలో తేమ అధికమైనచో ఆ దారియు మూసికొనిపోవును.

ఈ రొప్పుటలోనే యొక నష్టమున్నది. వేగముగా ఊపిరి విడుచుటచే రక్తములోని బొగ్గుపులుసు వాయువు మితిమీరి వెలికి పోవును. దానితో బైకార్బొనేటు తగ్గును. గ్రుడ్డు పెంకు కాల్షియం కార్బొనేటుతో ఏర్పడునది గనుక పలుచనగును. మేతయు తగ్గుటచే కాల్షియము కొరవడును. మే మాసములో పగిలిన గ్రుడ్లు ఏరుకొను రైతు దాణా వ్యాపారిని నిందించును. పలుమారులు దోషి ఎండయే.

మానవుడు సి విటమినును తన శరీరములో తయారు చేసికొనలేడు. నిమ్మను, ఉసిరికను ఆశ్రయింపవలసినదే. కోడి అట్లు గాదు, తన మూత్రపిండములలోనే తయారు చేసికొనును. అట్లయిన మనమేల ఈయవలయునని మా సహాధ్యాయులు ప్రశ్నించిరి. ప్రశ్న సమంజసమే. తాపమునకు లోనైన కోడిలో అడ్రినల్ గ్రంథి కార్టికోస్టెరోను అను స్రావమును అధికముగా విడుచును. విటమిను అవసరము పెరుగును. తయారీ దానిని అందుకొనజాలదు. అందుచేతనే కిలో దాణాకు సుమారు 200 నుండి 250 మిల్లీగ్రాముల సి విటమిను కలుపుట వాడుకలోనికి వచ్చినది.

కాని యిది మిక్కిలి సుకుమారమైన పదార్థము. మేము చూచిన యొక షెడ్డులో ఉదయము మందు కలిపిన నీటితొట్టి రేకుల కప్పుపై సాయంత్రము వరకు ఎండకు కాగుచుండెను. వెలుతురు, వేడిమి, రాగి – ఈ మూడును సి విటమినును చెరచును. ఆ కోళ్లు త్రాగినది చాలవరకు వట్టి వేడినీరే! నీటిలో ఈయదలచినచో చల్లని వేళ, కొన్ని గంటలలో త్రాగి ముగించునంత నీటిలోనే కలుపవలయును.

మేత జీర్ణమగునపుడును శరీరములో వేడి పుట్టును. కావున ఎండ ముదురుటకు ముందే దాణా తీసివేసి, తెల్లవారుజామునను ప్రొద్దు గ్రుంకిన పిదపను ఈయవలయును. పొడిగాలి వీచు తెలంగాణములో, రాయలసీమలో తడిపిన గోనెపట్టాలు మేలు చేయును. ఉక్కపోసెడి కోస్తాలో గాలి యాడనిచో అవే కీడు చేయును, అచ్చట ఫంకాలే శరణ్యము. విటమిను పొట్లము కొనదలచిన వారు మున్ముందు నీటితొట్టికి నీడ కల్పింతురు గాక.