ఆకాశంలో విన్యాసాలు - మన పుస్తకంలో సూత్రాలు



2024 డిసెంబరు 8, ఆదివారం. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ మీద భారత వాయుసేన సూర్యకిరణ్ బృందం హాక్ జెట్ విమానాలతో విన్యాసాలు చేసింది. ట్యాంక్‌బండ్ మీద జనం తలలెత్తి చూశారు. బేగంపేట విమానాశ్రయంలో 2008 నుంచి మొదలైన విమాన ప్రదర్శన సంగతి కూడా మీలో చాలామందికి తెలుసు. మొదట దాన్ని ఇండియా ఏవియేషన్ అనేవారు. 2018 నుంచి వింగ్స్ ఇండియా అంటున్నారు. మొదటి రోజులు కంపెనీల వాళ్లకు, చివరి రోజులు మామూలు ప్రజలకు.

చూసొచ్చినవాళ్లు "అబ్బ, ఏం తిప్పాడురా!" అంటారు. ఎలా తిప్పాడు అని అడిగితే ఆగిపోతారు. దానికి జవాబు మన హాస్టల్ ట్రంకు పెట్టెలోని ఫిజిక్స్ పుస్తకంలోనే ఉంది. మనం మార్కుల కోసం బట్టీ పట్టే సూత్రాల మీదే పైలట్ ప్రాణం ఆధారపడి ఉంటుంది. అది ఎలాగో ఒక్కొక్కటిగా చూద్దాం.

1. పాత విమానం, కొత్త విమానం

విమానాన్ని పైకి ఎత్తే బలం రెక్కల మీదుగా పోయే గాలి వల్ల పుడుతుంది. ఈ బలం రెక్క వైశాల్యానికీ, వేగం వర్గానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. వేగం సగమైతే ఎత్తే బలం సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. అందుకే తక్కువ వేగంతో ఎగిరే పాత విమానాలకు రెక్కలు పెద్దవిగా ఉండాలి. టైగర్ మాత్ అనే పాత శిక్షణ విమానానికి ఒకదాని మీద ఒకటి రెండు జతల రెక్కలు ఉంటాయి. జెట్ విమానానికి రెక్కలు చిన్నవి, కాబట్టి అది వేగంగా పోక తప్పదు. హెలికాప్టర్ మీద తిరిగే బ్లేడు కూడా రెక్కే. అదే గిర్రున తిరుగుతుంది కాబట్టి హెలికాప్టర్ ఉన్నచోటే నిలబడగలదు. బేగంపేటలో విన్యాసాలు చేసిన సారంగ్ బృందానివి మన దేశంలో తయారైన ధ్రువ్ హెలికాప్టర్లు. సారంగ్ అంటే నెమలి.

పాత విమానాల్లో డకోటా ప్రసిద్ధమైనది. 1947 అక్టోబరు 27న మన సైనికులను శ్రీనగర్‌లో దించినవి డకోటాలే. ఆ జ్ఞాపకంగా పరశురామ అనే పేరుతో ఒక డకోటాను మరమ్మతు చేయించి 2018లో వాయుసేన పాత విమానాల దళంలో చేర్చారు. డకోటాకూ హైదరాబాదుకూ సంబంధం ఉంది. 1945లో నిజాం ప్రభుత్వ భాగస్వామ్యంతో ఏర్పడిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి డకోటాలు నడిపింది. మన దేశంలో మొదటి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగం ఇచ్చింది కూడా ఆ కంపెనీయే. చెల్లెళ్లు ఈ పేరు గుర్తుంచుకోవాలి.

2. అంత దగ్గరగా ఎలా ఎగురుతారు?

సూర్యకిరణ్ విమానాల మధ్య ఎడం కొన్ని మీటర్లే ఉంటుంది. వేగం గంటకు 540 కిలోమీటర్లు, అంటే సెకనుకు 150 మీటర్లు అనుకుందాం. మరి గుద్దుకోవా? ఇక్కడ చూడవలసింది సాపేక్ష వేగం. రెండూ ఒకే దిశలో, ఒకే వేగంతో పోతే ఒకదానితో పోల్చితే రెండోదాని వేగం సున్నా. పక్క సీటులో కూర్చున్న మనిషి బస్సు ఎంత వేగంగా పోయినా మన పక్కనే ఉన్నట్టు. కానీ వెనక విమానం సెకనుకు 2 మీటర్లు ఎక్కువ వేగంతో పోయిందంటే, 5 మీటర్ల ఎడం రెండున్నర సెకన్లలో అయిపోతుంది. కాబట్టి ప్రతి పైలట్ తన ముందున్న విమానం మీదనే చూపు పెట్టి, చిన్న తేడాను పుట్టగానే సరిచేస్తుంటాడు.

రెండు విమానాలు ఎదురెదురుగా వచ్చి దాటుకునే విన్యాసం వేరు. అక్కడ సాపేక్ష వేగం 150+150, అంటే సెకనుకు 300 మీటర్లు. అవి ఒకే గీత మీద రావు, పక్కకు ఎడం ఉంచుకుని వస్తాయి. మనం దూరం నుంచి చూస్తాం కాబట్టి ఆ ఎడం కంటికి ఆనదు. గుద్దుకున్నట్టే అనిపించి జనం కేక వేస్తారు.

3. గిరికీలో పైలట్ మీద పడే భారం

విమానం నిలువుగా గుండ్రంగా తిరిగేటప్పుడు అభికేంద్ర త్వరణం కావాలి. అది వేగం వర్గాన్ని వ్యాసార్థంతో భాగిస్తే వస్తుంది. వేగం 150, వ్యాసార్థం 500 మీటర్లు అయితే 22500ను 500తో భాగించండి. 45 వస్తుంది. గురుత్వ త్వరణం 10 అనుకుంటే ఇది దానికి నాలుగున్నర రెట్లు. గిరికీ అడుగున మామూలు బరువు కూడా కలుస్తుంది కాబట్టి మొత్తం ఐదున్నర రెట్లు. 60 కిలోల పైలట్‌కు 330 కిలోల బరువు ఉన్నట్టుంటుంది. రక్తం తల నుంచి కాళ్ల వైపు దిగుతుంది, కళ్లు చీకట్లు కమ్ముతాయి. అందుకే వాళ్లు కాళ్లు, పొట్ట కండరాలు బిగించి ఊపిరి అదుపులో పెట్టుకోవడం సాధన చేస్తారు, రక్తం దిగకుండా ఒత్తి పట్టే దుస్తులు వేసుకుంటారు.

4. వేగం కొంచెం, ఎత్తు చాలా

2010 మార్చి 3న బేగంపేట ప్రదర్శనలో నౌకాదళం సాగర్ పవన్ బృందానికి చెందిన కిరణ్ విమానం విన్యాసం మధ్యలో బోయిన్‌పల్లిలో ఒక భవనం మీద కూలింది. కమాండర్ ఎస్.కె. మౌర్య, లెఫ్టినెంట్ కమాండర్ రాహుల్ నాయర్ మరణించారు. కింద ఉన్నవారిలో కొందరు గాయపడ్డారు. ఏ ప్రమాదాన్నీ ఒక్క సూత్రంతో తేల్చేయకూడదు. కానీ నేలకు దగ్గరగా చేసే విన్యాసం ఎందుకంత కఠినమో ఒక లెక్క చెబుతుంది.

నిటారుగా కిందికి దిగిన విమానాన్ని గుండ్రంగా తిప్పి నేలకు సమాంతరంగా తేవాలి. దానికి వ్యాసార్థమంత ఎత్తు కావాలి. సులువు కోసం వేగం మారదనీ, అభికేంద్ర త్వరణం 40 అనీ అనుకుందాం. వేగం 150 అయితే వ్యాసార్థం 22500/40, అంటే సుమారు 563 మీటర్లు. వేగం పదిశాతం పెరిగి 165 అయితే 27225/40, అంటే సుమారు 681 మీటర్లు. వేగం పదిశాతమే పెరిగింది, కావలసిన ఎత్తు మాత్రం 21 శాతం, దాదాపు 118 మీటర్లు పెరిగింది. వర్గం అనే చిన్న అంకెను పరీక్షలో మరిచిపోతే మార్కు పోతుంది. అక్కడ మనిషి పోతాడు.

చూసేవాళ్లకూ ప్రమాదం ఉంది. 1988 ఆగస్టు 28న జర్మనీలోని రామ్‌స్టైన్‌లో మూడు విమానాలు గాలిలో ఢీకొని, ఒకటి జనం మీద పడింది. మొత్తం 70 మంది చనిపోయారు. జనం వైపు దూసుకొచ్చే విన్యాసాలను ఆ తర్వాత చాలా దేశాలు కట్టడి చేశాయి. కాబట్టి ప్రదర్శనకు వెళ్తే తాడు దాటవద్దు, గోడలెక్కవద్దు.

5. చప్పుడు, పొగ

ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. 3400 మీటర్ల దూరంలో ఉన్న విమానం చప్పుడు మనకు 10 సెకన్ల తర్వాత చేరుతుంది. అప్పటికి విమానం ముందుకు పోయి ఉంటుంది. చప్పుడు వచ్చిన చోట కాక, దానికి ముందు వెతకండి. మెరుపు తర్వాత ఉరుము వినబడే పాఠమే ఇది. రంగుల పొగ కోసం డీజిల్ లాంటి నూనెను ఇంజను వెనక వేడి గాలిలోకి చిమ్ముతారు. అది ఆవిరై, చల్లబడి సన్నని బిందువులై తెల్లగా కనబడుతుంది. రంగు కలిపితే కాషాయం, ఆకుపచ్చ.

6. మన ఆదిబట్ల

విమానం మనకు దూరపు వస్తువేమీ కాదు. మన ఇబ్రహీంపట్నం పక్కనే ఆదిబట్లలో టాటా కర్మాగారాలు ఉన్నాయి. సి-130జె రవాణా విమానం తోక భాగాలు అక్కడ తయారవుతాయి. 2018 మార్చిలో ప్రారంభమైన టాటా బోయింగ్ కర్మాగారంలో అపాచీ యుద్ధ హెలికాప్టర్ల మొండెం భాగం తయారవుతోంది. విదేశాల్లో ఎగిరే అపాచీలలో మన ప్రాంతపు ఫిట్టర్లు బిగించిన రివెట్లు ఉన్నాయి. అక్కడ ఐటీఐ, డిప్లొమా చదివినవారికి కూడా పని ఉంటుంది.

ఇక ఎగరాలనుకునేవారికి ఒక మాట. ప్రైవేటుగా పైలట్ లైసెన్సుకు లక్షల రూపాయలు కావాలి, మన ఇళ్లలో ఆ డబ్బు లేదు. కానీ ఇంటర్‌లో గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివినవారు ఎన్‌డీఏ పరీక్ష రాయవచ్చు. ఎంపికైతే శిక్షణ ఖర్చు ప్రభుత్వానిదే. 2021లో సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత అమ్మాయిలకు కూడా ఈ దారి తెరుచుకుంది, 2022లో మొదటి బ్యాచ్ చేరింది. డిగ్రీ తర్వాత ఆఫ్‌క్యాట్ పరీక్ష ఉంది. వాయుసేన పైలట్లు శిక్షణ పొందే అకాడమీ మన హైదరాబాదు శివారు దుండిగల్‌లోనే ఉంది.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. ఇలాంటి పరీక్షల గురించి అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. ఎన్‌డీఏ అనే మాట నేను ఎం.ఎస్సీ.లో చేరాక విన్నాను, అప్పటికి దాని వయసు దాటిపోయింది. మీకు పదో తరగతిలోనే తెలియాలని ఇంత రాశాను. తెలిసిన ప్రతి అన్న, అక్క సెలవుల్లో ఒక్కసారి హాస్టల్‌కు వచ్చి పిల్లలకు చెప్పాలని మనవి.

మీరే చేయండి

1. విమానం వేగం 80 నుంచి 40కి తగ్గితే, మిగతావి మారకుంటే, ఎత్తే బలం ఎన్నో వంతవుతుంది?
2. రెండు విమానాల మధ్య ఎడం 4 మీటర్లు. వెనకది సెకనుకు అర మీటరు ఎక్కువ వేగంతో ఉంది. ఎన్ని సెకన్లలో తగులుతుంది?
3. అభికేంద్ర త్వరణం 40. వేగం 100 నుంచి 120కి పెరిగితే వ్యాసార్థం ఎంత నుంచి ఎంతకు మారుతుంది?

జవాబులు: 1. నాలుగో వంతు. 2. 8 సెకన్లు. 3. 250 మీటర్ల నుంచి 360 మీటర్లకు.