వెండి ఊరు చూసొద్దాం రండి

అక్కలారా! మన ఇంట్లో మిరపకాయ లేనిదే కూర లేదు కదా. ఆ మిరపకు పుట్టిల్లు మెక్సికో దేశం. అక్కడి నుంచి పోర్చుగీసువాళ్ల ఓడల మీద మన దేశానికి వచ్చింది. మనకు తెల్లవారే వేళకు అక్కడ పొద్దు గూకుతుంది. అంత దూరం!

ఆ దేశంలో ఒక పాత ఊరుంది. పేరు గ్వానహ్వాతో. పలకడం కష్టంగా ఉందా? గ్వా - న - హ్వా - తో. కూడబలుక్కుని చదవండి. అక్కడి పాత భాషలో 'కప్పల కొండ' అని అర్థం.

వీధులు

1521లో స్పెయిన్ సైన్యం మెక్సికో రాజధానిని పట్టుకుంది. తర్వాత 300 ఏళ్లు స్పెయిన్ వాళ్లదే రాజ్యం. ఈ కొండల్లో వెండి దొరికింది. దాంతో ఊరు వెలిసింది.

ఇరుకు లోయలో ఊరు. ఇళ్లు కొండ ఎక్కుతూ ఉంటాయి. ఒక్కో ఇంటికి ఒక్కో రంగు. చాలా చోట్ల మెట్లే వీధులు. ఊరి మధ్య ఏరు పారేది. 1905లో పెద్ద వరద వచ్చి చాలామంది చనిపోయారు. ఏటి నీటిని సొరంగాల్లోకి మళ్లించారు. ఎండిన ఏటి దారిలో ఇప్పుడు ఊరి కిందుగా బండ్లు తిరుగుతాయి.

ఒక సందు మరీ ఇరుకు. 68 సెంటీమీటర్లే. అంటే మూరన్నర! దాని పేరు ముద్దు సందు. కలవారి అమ్మాయి ఒక పేద గని కూలీని ప్రేమించిందట. తండ్రి కన్నబిడ్డనే పొడిచి చంపాడట. ఇది జనం చెప్పుకునే కథ. కానీ ఇలాంటి తండ్రులు కథల్లోనే ఉంటారా? ఆలోచించండి.

చర్చీలు

ఊరి నడుమ పసుపు రంగు చర్చి ఉంది. అందులోని మరియమ్మ కొయ్య విగ్రహాన్ని 1557లో స్పెయిన్ రాజు పంపాడని చెబుతారు.

ఊరి పైన, కొండ మీద వాలెన్సియానా చర్చి ఉంది. 1788లో పూర్తయింది. లోపల బలిపీఠాల వెనక గోడంతా చెక్కడపు పని. దానికంతా బంగారు పూత. కళ్లు చెదురుతాయి. దీన్ని కట్టించింది పక్కనున్న వెండి గని యజమాని.

ఆ డబ్బు ఎక్కడిది? గనిలోది. గని 500 మీటర్ల పైగా లోతు. కూలీలు రాళ్ల మూటలు వీపున వేసుకుని మెట్లెక్కి పైకి తెచ్చేవారు. పైన ఆ రాళ్లను కొట్టి, ఏరే పనిలో ఆడవాళ్లు కూడా ఉండేవారు. తర్వాత రాతి పొడిలో నీళ్లు, ఉప్పు, పాదరసం కలిపి తొక్కించేవారు. పాదరసం విషం! వెండి దొరలకు, రోగం కూలీలకు.

ధాన్యపు కొట్టు

కరువొస్తే జనానికి గింజలుండాలని ఊళ్లో పెద్ద ధాన్యపు కొట్టు కట్టారు. 1810 సెప్టెంబరులో హిదాల్గో అనే ఫాదరీ వెనుక పేదలు తిరగబడ్డారు. దొరలు తమ వెండితో సహా ఆ కొట్టులో దాక్కున్నారు. ఒక గని కూలీ వీపు మీద బండ కట్టుకుని, తుపాకి గుళ్లకు అడ్డం పెట్టుకుని, పాకుతూ వెళ్లి తలుపుకు నిప్పు పెట్టాడని చెబుతారు. అటూ ఇటూ చాలామంది చచ్చారు.

మరుసటి ఏడాది హిదాల్గోను, మరో ముగ్గురు నాయకులను ప్రభుత్వం చంపింది. వాళ్ల తలలను ఆ కొట్టు నాలుగు మూలలా ఇనుప బోనుల్లో వేలాడదీసింది. జనం భయపడాలని! కానీ జనం ఆగలేదు. 1821లో మెక్సికోకు స్వతంత్రం వచ్చింది. ఆ కొట్టు ఇప్పుడు మ్యూజియం. నిప్పు పెట్టిన కూలీకి కొండ మీద పెద్ద విగ్రహం ఉంది.

1988లో యునెస్కో ఈ ఊరిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఎన్నో దేశాలవాళ్లు చూడ్డానికి వస్తారు. అందం చూడాలి. దాని వెనక ఉన్న చేతులనూ తలుచుకోవాలి.

కొత్త మాటలు

గని: భూమిలోంచి లోహాలు, బొగ్గు తవ్వే చోటు.
సొరంగం: నేల కింద తవ్విన దారి.
వారసత్వం: పెద్దల నుంచి మనకు వచ్చింది.

జవాబులు రాయండి

1. గ్వానహ్వాతో అంటే అర్థం ఏమిటి?
2. ఏటి దారి వీధిగా ఎలా మారింది?
3. 'కట్టించాడు', 'కట్టారు' - ఈ రెండు మాటలకు తేడా ఏమిటి?
4. మీ ఊరి పాత గుడి, మసీదు, చర్చి, చెరువు - ఏదైనా ఒకటి తీసుకోండి. కట్టించింది ఎవరు? కట్టింది ఎవరు? ఊళ్లో ముసలివాళ్లను అడగండి. తెలిసిన పేర్లన్నీ మీ చేత్తో రాయండి.