వెనక అద్దం డీఫాగర్ పనిచేయడం లేదా? లోపం ఇలా పట్టుకోండి

ముసురు పట్టిన రోజునో, లంబసింగి చలిలోనో కారు వెనక అద్దానికి లోపల ఆవిరి పడితే దాన్ని పోగొట్టేది డీఫాగర్. అది మొరాయిస్తే అద్దం మొత్తం మార్చాలని కంగారు పడకండి. అద్దం లోపలివైపు అడ్డంగా కనిపించే గీతలు వెండి కలిసిన పూతతో వేసినవి. వాటి చివర్లు రెండు పక్కలా నిలువు పట్టీలకు కలుస్తాయి. ఒక పట్టీకి కరెంటు వస్తుంది, రెండోది ఎర్త్. గీతలు దేనికది వేడెక్కుతాయి కాబట్టి లోపం ఎక్కడుందో ఆవిరే సగం చెప్పేస్తుంది.

కావలసినవి: మల్టీమీటర్, అల్యూమినియం ఫాయిల్ ముక్క, మాస్కింగ్ టేప్, డీఫాగర్ గీతలకు వేసే వెండి పెయింటు.

1. స్విచ్చి: ఇంజన్ స్టార్ట్ చేసి నొక్కండి. చాలా కార్లలో ఇది 10–20 నిమిషాలకు దానంతటదే ఆగిపోతుంది. అది లోపం కాదు.

2. ఆవిరి: కాసేపాగి అద్దం చూడండి. ఒకటి రెండు గీతల దగ్గరే ఆవిరి మిగిలితే అవి తెగినట్టు, 5వ మెట్టుకు వెళ్లండి. ఎక్కడా తగ్గకపోతే కరెంటే అందడం లేదు.

3. ఫ్యూజు: ఇంజన్ ఆపి, మాన్యువల్ చూసి ఫ్యూజు తీయండి. కాలిపోతే అదే ఆంపియర్లది వేయండి. పెద్దది వేస్తే వైరు కాలుతుంది. కొత్తదీ పోతే షార్ట్ ఉన్నట్టే, ఎలక్ట్రీషియన్‌కు చూపించండి.

4. పట్టీలు: మళ్లీ ఇంజన్, డీఫాగర్ ఆన్ చేసి, మీటర్‌ను డీసీ 20 వోల్టుల మీద పెట్టి, పట్టీకొక ముల్లు ఆనించండి. 12 వోల్టులకు పైగా చూపాలి. పట్టీల మీద రాక, వైరు చివర్ల మధ్య వస్తుంటే పట్టీకి అతికిన రేకు ఊడింది. కరెంటు వైరుకూ కారు బాడీకీ మధ్య మాత్రమే వస్తే ఎర్త్ పోయింది. అక్కడా రాకపోతే రిలే, స్విచ్చి, వైరింగ్ అనుమానించాలి. హ్యాచ్‌బ్యాక్‌లలో డిక్కీ తలుపు కీలు దగ్గర రబ్బరు గొట్టంలో వైర్లు మడతపడి తెగడం మామూలే.

5. తెగిన చోటు: డీఫాగర్ ఆన్‌లో ఉండగానే, మీటర్‌ను డీసీ 20 వోల్టుల మీద పెట్టి, నల్ల ముల్లును ఎర్త్ పట్టీకి పెట్టండి. ఎర్ర ముల్లు మొనకు ఫాయిల్ చుడితే గీత గీసుకుపోదు. దాన్ని కరెంటు వైపు నుంచి గీత వెంట మెల్లగా జరపండి. బాగున్న గీతలో వోల్టేజి క్రమంగా తగ్గుతూ నడిమికి సుమారు సగమవుతుంది. తెగిన గీతలో నిండుగా ఉన్నది ఒక్కసారిగా సున్నాకు పడిపోతుంది. తెగింది అక్కడే.

6. అతుకు: డీఫాగర్ ఆపి, ఆ చోటు స్పిరిట్‌తో తుడవండి. గీత వెడల్పు వదిలి పైనా కిందా టేప్ వేయండి. పెయింటు బాగా కుదిపి, అటూ ఇటూ బాగున్న భాగం మీదికీ కొంచెం వచ్చేలా పూయండి. పూర్తిగా ఆరేదాకా, అంటే సుమారు 24 గంటలు, స్విచ్చి ముట్టొద్దు. ఊడిన రేకుకు కరెంటు పారే ఎపాక్సీ వాడాలి. మామూలు జిగురు కరెంటును అడ్డుకుంటుంది.

ఇకపై అద్దాన్ని గీతల వెంటే, మెత్తటి గుడ్డతో తుడవండి. స్టిక్కర్లను బ్లేడుతో గీకొద్దు. ఫిల్మ్ పీకినప్పుడు గీతలు చాలావరకు దానితో లేచిపోయి ఉంటే మాత్రం అతుకులు లాభం లేదు, అద్దం మార్చడమే నయం.